చిలుకల జోరు చూసిన మనిషి

బావగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను. కబురు తెచ్చిన దుకాణం మనిషి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను చేట పక్కన పడేసి శోకాలు తీస్తానని ఎదురుచూశాడు కాబోలు. "మా ఆయనకు చెప్పినవా?" అని అడిగి, మిగిలిన పప్పు కూడా ఏరేశాను. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే రోజులు. ఇంట్లో చావు జరిగితే పొయ్యి ఆరుతుంది గానీ ఏరాల్సిన పప్పు ఎక్కడికీ పోదు.

ఆయన మా ఆయనకు పెద్దన్న. నేను లాల్‌దర్వాజా ఇంటికి కాపురానికి వచ్చేనాటికే భార్యను పోగొట్టుకున్న మనిషి. చివరి ఏళ్లలో మాతో ఉండలేదు. మా ఇత్తడి, రాగి సామాన్ల దుకాణానికి శాలిబండలో గోదాము ఉంది, దాని వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. బావగారు అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, "ఉండేవారు, చేసేవారు" అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే.

పదో రోజు భోజనాలకు వచ్చినవాళ్లు ఆయన్ని మహానుభావుణ్ణి చేసేశారు. ఒకరు ఆయన నిజాయితీ అన్నారు, ఒకరు ఓపిక అన్నారు. దుకాణంలో కల్తీ రాగి ఎన్నడూ అమ్మనివ్వలేదని ఇంకొకరు చెప్పారు. విస్తళ్లు ఎత్తుతూ అన్నీ విన్నాను. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే నాకు కడుపు మండింది.

ఆయన పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది మెడ. ఎప్పుడూ పైకెత్తి ఉండే మెడ. అందరికీ ఎండకు మొహం నల్లబడుతుంది, ఆయనకు గొంతు నల్లబడింది. చార్మినార్ దగ్గర పళ్ల బండ్లకు గుద్దుకోకుండా ఇంటికి వచ్చిన రోజు అరుదు. బండ్లవాళ్లకు కూడా అలవాటైపోయి, "క్యా మియా, ఊపర్ కుచ్ గిర్ గయా?" అని వేళాకోళం ఆడేవాళ్లు, పైన ఏమైనా పారేసుకున్నావా అని. ఆయనకు అది వేళాకోళమని కూడా తెలిసేది కాదు. "పడలేదు, అదిగో, పోతున్నది" అని వేలెత్తి పిట్టను చూపించేవాడు.

ఇంట్లో ఎవరు ఏమన్నా ఆయనది ఒకటే ప్రశ్న. "చూసినవా, అనుకున్నవా?" అత్తగారు వాకిట్లోంచి "వాన వస్తున్నది, బట్టలు తియ్యుండ్రి" అని కేకేస్తే, "మబ్బు వచ్చింది. వాన ఇంకా రాలే" అనేవాడు. ఆ మాట తేలేలోపు బట్టలు తడిసేవి. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి "పాలు విరిగినట్టున్నయి" అన్నాను. "విరిగినయా, విరిగినట్టున్నయా?" అని వసారాలోంచి నిలదీశాడు. బావ ముందు నోరెత్తకూడని కొత్తకోడలిని. తలుపు చాటున ఆ పాలు తాగి, విరిగాయని అత్తగారితో చెప్పించాల్సి వచ్చింది.

దుకాణంలో కూర్చోబెడితే ఇంకా తమాషా. "ఈ బిందె సొట్ట పోదు గద శేటూ?" అని ఎవరైనా అడిగితే ఏ వ్యాపారి అయినా ఏమంటాడు? ఈయన బిందెను తిప్పి తిప్పి చూసి, "ఇయ్యాల దాంక పోలే. రేపటిది నేను చూడలే" అనేవాడు. కొనేవాడు బిందెను అక్కడే పెట్టి ఎదుటి దుకాణం మెట్లెక్కేవాడు. చివరికి గల్లా దగ్గర మా ఆయన కూర్చుని, ఈయన్ని గోదాముకు సాగనంపాడు. ఆయనకు కావలసిందీ అదే. గోదాము మిద్దె చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు.

పిట్టల రంగు ఆయనకు అక్కర్లేదు. కూత అక్కర్లేదు. ఏం తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది, ఇవేవీ పట్టేవి కావు. ఎంత జోరుగా పోతుంది, అదొక్కటే కావాలి. అదీ పెంపుడు పిట్ట అయితే పనికిరాదు. గోదాము పక్క మిద్దె మీద ఒక సాహెబు పావురాలు ఎగరేసేవాడు. గడ్డం నెరిసిన మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్టుమెట్టుకూ కూర్చుని ఎక్కేవాడు. పొడుగాటి వెదురు కర్రకు నల్ల గుడ్డ కట్టి ఊపితే ఆయన పావురాలు దిగకుండా గుంపుగా మళ్లీ పైకి లేచేవి. పాతబస్తీ అంతా పావురాల పిచ్చిలో ఉన్న రోజులవి. మా బావగారికి మాత్రం ఆ ఆటంటే చీదర.

"అది గింజల కోసం ఎగురుతది. అది ఎగురుడు కాదు, నౌకరి," అనేవాడు. "అడివి పిట్టను ఎవ్వరు తరమొద్దు, ఎవ్వరు పిలువొద్దు. దాని పని మీద అది పోతుండాలె. అప్పుడు చూడాలె దాని జోరు."

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇంట్లో ఆడవాళ్లకు కూడా తమ పని ఒకటి ఉంటుందని మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు.

గద్దను ఆయన లెక్కలోకి తీసుకోలేదు, రెక్క కదపకుండా గాలి మీద కూర్చుంటుందని. చార్మినార్ గోడల్లో గూళ్లు కట్టుకునే చిన్న నల్లపిట్టలు మహా జోరు, కానీ గుండ్రంగా తిరుగుతాయి. ఎక్కడ మొదలుపెట్టాయని చూడాలి, ఎక్కడ ఆపాయని చూడాలి? చివరికి చిలుకలు దొరికాయి. పొద్దువాలే వేళ తూర్పు తోటల నుంచి గుంపులు గుంపులుగా అరుచుకుంటూ వచ్చి, మా లాల్‌దర్వాజా ఇంటి మీదుగా, శాలిబండ గోదాము మీదుగా, ఆ అవతల ఎక్కడో నవాబుల తోటల్లోని చెట్లకు చేరేవి. ఏ రోజు చూసినా అదే దారి.

రెండు మిద్దెల మధ్య దూరం తెలిసి, ఆ దూరం దాటడానికి పట్టిన సేపు తెలిస్తే జోరు తెలిసినట్టే. ఆయన దగ్గర జేబు గడియారం ఉంది. తాను గోదాము మిద్దె మీద నిలబడతాడు. ఇంటి మిద్దె మీద ఇంకొకరు ఉండి, చిలుకలు సరిగ్గా నెత్తి మీదికి రాగానే గుడ్డ ఊపాలి. గుడ్డ కనపడగానే ఆయన గడియారం చూసుకోవడం మొదలుపెడతాడు. ఆ ఇంకొకరు మా వదినె.

వదినె ఆయనకు చెల్లెలు, మా ఆయనకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. అత్తగారింట్లో ఆమెను పశువుల కొట్టంలో పడుకోబెట్టేవాళ్లు. మోచేతి మీద కాలిన మచ్చ ఉండేది. ఎవరు కాల్చారో ఆమె చెప్పలేదు, మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒకనాడు కట్టుబట్టలతో పుట్టింటికి వచ్చేసింది. మా అత్తగారు కూతుర్ని కడుపులో పెట్టుకున్నది నిజమే గానీ, పొయ్యి ముందు నుంచి లేవనివ్వలేదు. పేరంటాలకు పిలుపు లేదు. బోనాల నాడు మా సందంతా కిటకిటలాడుతుంటే కిటికీ సందులోంచి చూడడమే. సాయంత్రం మిద్దె ఎక్కే ఆ కాసేపే ఆమెకు సొంతం.

మొదట దూరం కొలవాలి గదా. సందుల్లో నడిచి కొలిస్తే లాభం లేదు, సందులు వంకర తిరుగుతాయి, చిలుకలు తిరగవు. అందుకని పతంగుల దారం ఉండలు ఉండలుగా కొని, ఇంటి మిద్దె నుంచి గోదాము మిద్దె దాకా, మధ్యలో ఉన్న మిద్దెలన్నిటి మీదుగా లాగించాడు. ప్రతి ఇంటి తలుపూ తట్టి, "కొద్దిసేపు ఈ దారాన్ని మీ ఇంటి మీదికెల్లి పోనియ్యుండ్రి" అని బతిమాలాడు. పరదా పాటించే ఇళ్లలో లోపలి నుంచి తిట్లు వచ్చాయి. ఒక ఇంటి మిద్దె మీద కట్టేసిన మేక దారాన్ని నమిలేసింది. మళ్లీ మొదటి నుంచి లాగారు. ఈ కొసన దారం పట్టుకుని కూర్చున్న వదినె మేక సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ముందు తెల్ల పంచె ముక్క ఊపింది. దుమ్ములో అది కనపడలేదు. అప్పుడు ఆయన ఎర్ర గుడ్డ కావాలన్నాడు. నా పెళ్లినాటి ఎర్ర చీర ఒకటి చిరిగి ఉంటే దాని చెంగు చింపి ఇచ్చాను. అత్తగారు చూసి గుండె బాదుకుంది.

"మొగడు పోయిన పిల్ల చేతుల ఎర్ర గుడ్డేందిరా? చూసెటోళ్లు ఏమంటరు?"

"తెల్లది ఆడిదాంక కనపడ్తలేదమ్మా."

"ఎవలకు కనపడాలె?"

"నాకు."

"నీకొక్కనికే కనపడ్తదా? ఊరికి గూడ కనపడ్తది."

"కనపడనియ్యి. చిలుకలు పోతున్నయని ఊరికి గూడ ఎరుకైతది," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఊరు చిలుకల గురించే ఆలోచిస్తుందని ఆయన నమ్మకం.

అట్లా మూడు నాలుగేళ్లు గడిచాయి. ఆకాశంలో దూది పింజ ఎగరేసి గాలి ఎటు ఉందో ఆయన చూసుకునేవాడు, గాలి ఉన్న రోజు లెక్క పక్కన పెట్టేవాడు. వదినె మాత్రం గాలి ఉన్నా లేకపోయినా మిద్దె ఎక్కేది. బియ్యం చెరుగుతున్నా, పిండి రుబ్బుతున్నా పొద్దు తిరిగిందంటే చేతులు కడుక్కునేది. నేనూ అప్పుడప్పుడు ఆరేసిన బట్టల కోసం ఎక్కి చూసేదాన్ని. మెడ ఎత్తి, రెండు చేతులా గుడ్డ పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేది. ఆ సమయంలో మాట్లాడిస్తే కోపం వచ్చేది.

"జర ఆగు పిల్లా. నెత్తి మీదికి రాకముందే ఊపుతే అన్న లెక్క చెడిపోతది," అనేది. అన్న లెక్క తన చేతిలో ఉందని ఆమెకు ఎంత గర్వమో. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది, నా చేతిలో ఏముంది, గరిటె తప్ప.

గొడవ జరిగిన రోజు ఆయన గోదాము మిద్దె మీద లేడు. యాకుత్‌పురా స్టేషన్‌కు పోయాడు. రైలు పట్టాల పక్కన పిట్టలు రైలుకు సమంగా ఎగురుతాయని ఎవరో చెవిన వేశారట. రైల్లో కూర్చుని పక్కన పోయే పిట్టను చూస్తే, రెండో మనిషి లేకుండానే జోరు పట్టుకోవచ్చని తోచింది. తోచడమే ఆలస్యం, టికెట్టు కొనుక్కుని, కిటికీలోంచి మెడ బయటపెట్టి ఫలక్‌నుమా దాకా పోయాడు. ఇంట్లో చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు.

ఇక్కడ వదినె ఎప్పటిలాగే మిద్దె ఎక్కింది. ఒక గుంపు వచ్చింది, ఊపింది. ఇంకో గుంపు వచ్చింది, ఊపింది. ఆమె చూపంతా పైనే ఉంటుంది, అటు అన్న నిలబడ్డాడా లేదా అని చూడడం ఆమె పని కాదు. ఆ వేళకు అటువైపు ఉన్నది పావురాల సాహెబు ఒక్కడే. ఆయన పావురాలు దిగబోతుంటే ఆయనా కర్ర ఎత్తి ఊపాడు. ఇటు ఎర్ర గుడ్డ లేస్తే అటు నల్ల గుడ్డ లేచింది. మా ఎదురింటి ఆయన తన మిద్దె మీద నుంచి ఇదంతా చూశాడు. ఇన్నేళ్లూ అక్కడ మా బావగారు నిలబడి ఉండడం చూసి నవ్వుకుని ఊరుకున్న మనిషే. ఆ రోజు బావగారు కనపడలేదు. దీపాలు పెట్టే వేళకు, వదినె మిద్దె మీద నుంచి ఎవరికో సైగలు చేస్తోందని సందు సందంతా గుప్పుమంది.

అప్పటికే ఊళ్లో హిందువులు, ముసల్మానులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే రోజులు వచ్చాయి. అటు మిద్దె మీద ఉన్నది సాహెబు అనడంతో లొల్లి ఇంకా ముదిరింది. మరునాడు పొద్దున్నే మా కులపెద్దలు వచ్చి వసారాలో చాపల మీద కూర్చున్నారు. మా ఆయన తల వంచుకుని ఒక మూల కూర్చున్నాడు. ఆయన తల వంచుకోవడంలో గట్టివాడు. అత్తగారు, నేను తలుపు వెనక నిలబడ్డాం. వదినె వంటింట్లో రొట్టెలు చేస్తోంది. రొట్టె చప్పుడు వసారాలోకి వినిపిస్తోంది.

ఆ సాహెబు తనంతట తానే వచ్చాడు, ఎవరు చెప్పారో ఏమో. చెప్పులు వాకిట్లో విడిచి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

"శేట్‌జీ, అది నా బిడ్డ ఈడు పిల్ల. నా పావురాలే నా కండ్లకు సక్కగ కనపడ్తలేవు, ఆ మిద్దె మీద ఎవలున్నరో నాకేమెరుక? ఖుదా కసమ్, నేను కర్ర ఊపింది నా కబూతరాల కోసం," అన్నాడు.

పెద్దలు మర్యాదగానే పంపించారు. ఆయన మెట్లు దిగాక వాళ్లలో ఒకాయన, "పిలువకుండనే నడిచొచ్చిండంటె ఏదో ఉన్నట్టే" అన్నాడు. వయసు చూడండి, చూపు చూడండి అని ఎవరూ అనలేదు.

అందరికంటే పెద్దాయన మాత్రం మంచివాడు. ఇంటి పరువు పోకుండా మాట ముగించుకుని పోదామనే ఆయన కూడా చూస్తున్నాడు. మా బావగారిని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"గుడ్డ ఊపుమని ఆ పిల్లకు చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"చిలుకల కోసమే గద?"

"చిలుకల కోసమే."

పెద్దాయన మొహం తేటపడింది. కండువా సర్దుకున్నాడు. "ఇంకేంది మరి. మొన్నటి తీరుగనే నిన్న గూడ నువ్వు గోదాము మిద్దె మీద ఉన్నవు, ఆమె నీకోసం ఊపింది. మాటైపోయింది. గంతేనా?"

ఊ అంటే చాలు. నోరు కూడా తెరవనక్కర్లేదు, తల ఆడిస్తే చాలు. తలుపు వెనక నా చెయ్యి అత్తగారి చేతిలో ఉంది, ఆమె గోళ్లు నా అరచేతిలో దిగాయి.

"లేను," అన్నాడు మా బావగారు. "నిన్న నేను ఆ మిద్దె మీద లేను. యాకుత్‌పురాల రైలెక్కిన."

అత్తగారు తట్టుకోలేక తలుపు దాటి ముందుకు వచ్చేసింది. "ఉన్న అనురా. నీ కాళ్లు మొక్కుత, ఉన్న అను."

"లేనిది ఉన్న అని ఎట్లంటనమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టే అన్నాడు. ఆ గొంతు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఇక నేను ఊరుకోలేదు. చిన్నకోడలు మాట్లాడితే తప్పని తెలిసే మాట్లాడాను. "పోతున్న సంగతి ఆయన వదినెకు చెప్పలేదు. అన్న ఉన్నడనే ఆమె ఊపింది. అడుగుండ్రి," అని తలుపు వెనక నుంచే గట్టిగా అన్నాను. మా ఆయన తలెత్తి నన్ను మింగేసేలా చూశాడు. పెద్దాయన మాత్రం ఆ మాట పట్టుకున్నాడు.

"పోతున్న అని చెల్లెకు చెప్పినవా?"

"చెప్పలే. యాది మరిచిన."

"అయితే నువ్వు ఉన్నవనుకునే ఊపింది. గట్లనన్న చెప్పు, చాలు."

రెండోసారి కూడా తోవ చూపించాడు ఆ మనిషి. బావగారు చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే నాకు ఆశ పుట్టింది. చివరికి మెడ ఎత్తి, అలవాటు కొద్దీ వాకిట్లోంచి కనపడే ఆకాశం వైపు చూస్తూ అన్నాడు.

"ఆమె మనసుల ఏమనుకున్నదో నేను చూడలే."

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగిపోయింది.

పెద్దలకు మాత్రం ఇంకేం కావాలి. సొంత అన్నే పూచీ ఇవ్వలేదన్నారు. పడుచు పిల్లను పుట్టింట్లో ఉంచుకోవడమే తప్పన్నారు, అత్తగారింటికి పంపేస్తే మాట చల్లబడుతుందన్నారు. ఆ ఇంట్లో ఆమెకు ఏం జరిగేదో వాళ్లకూ తెలుసు. తెలిసే చేతులు దులుపుకుని, చెంబులతో నీళ్లు తాగి లేచారు.

బండి వచ్చిన రోజు వదినె ఏడవలేదు. మూట బండిలో పెట్టుకుని, ఒక్కసారి అన్న వైపు చూసింది. ఆ చూపు మీ మీద పడితే మీరు ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. నేనైతే ఆ బండి చక్రం కింద పడేదాన్ని. ఆయన పైకి చూశాడు. దూది పింజ కూడా ఎగరేయకుండానే, "ఇయ్యాల గాలి అస్సలు లేదు. మంచిగ కొలవొచ్చుండె," అన్నాడు.

ఆయనకు బాధ లేదని నేను అనను. ఆయన లోపల ఏముందో నేనూ చూడలేదు. కానీ వారం తిరగకముందే అత్తగారితో అన్న మాట నా చెవులతో విన్నాను. "చిన్నకోడలిని సాయంత్రం జరసేపు మిద్దె మీదికి పంపుతవా అమ్మా? మొగడున్న పిల్ల, ఎవ్వరు ఏమనరు." అత్తగారు చేతిలో ఉన్న ఇత్తడి గంగాళాన్ని నేలకేసి కొట్టింది. ఆ సొట్ట ఇంకా ఉంది, అందులోనే మేం నీళ్లు కాచుకుంటాం. ఆ తరువాతే ఆయన గోదాము గదికి మారిపోయాడు.

చివరి రోజుల్లో ఆయనకు జబ్బు చేస్తే నేనే అన్నం పట్టుకుపోయేదాన్ని. ఇష్టం ఉండి కాదు, మా ఆయన పంపితే పోయాను. దగ్గర కూర్చుని తినిపించలేదు. పళ్లెం పెట్టి గుమ్మంలో నిలబడేదాన్ని. ఆ మెడ అప్పటికి సన్నబడి, మంచం మీద పడుకుని కూడా పైకప్పు వైపే తిరిగి ఉండేది. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇన్నేండ్లు చూస్తిరి గద. చిలుకల జోరు ఎంతని తేలింది బావగారూ?"

"తేలలే."

"అన్ని దినాలు వదినె ఊపె గద. ఆ లెక్కలేమాయె?"

"కొట్టేసిన." గుక్క తిప్పుకున్నాడు. "గుడ్డ లేసింది చూసిన. నా నెత్తి మీదికి వచ్చింది చూసిన. ఆ కొసకు చిలుకలు సక్కగ నెత్తి మీదున్నప్పుడే ఆమె ఊపిందా? ఆ కొస నేను చూడలేదు గద. ఆమె మాట మీద నమ్మిన. గది లెక్క కాదు."

పళ్లెం తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఆయన కోసం కాదు. పక్క మిద్దె మీద పావురాలు లేవు. ఆ సాహెబు అంతకు ముందే పోయాడు, ఆయన కొడుకులు ఎటో వెళ్లిపోయారు.

పన్నెండో రోజు కూడా అయ్యాక, వదినెకు ఎవరు చెబుతారని ఇంట్లో అడిగాను. ఆమె పేరు ఎత్తడం మానేసి చాలా ఏళ్లయింది, ఎవరూ ముందుకు రాలేదు. నేనే బస్సెక్కి పోయాను. బస్సు దిగి గట్ల మీద నడిచి ఆ ఊరు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. వదినె పెరట్లో పిడకలు కొడుతోంది. జుట్టు ముప్పాతిక వంతు నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"అన్న పోయిండు వదినె," అన్నాను.

చేతిలో పేడ ముద్దను గోడకు కొట్టి, చేతులు కడుక్కుని వచ్చి నా ఎదుట కూర్చుంది. "ఎన్నడు?"

"పన్నెండు దినాలు దాటింది."

"నాకు చెప్పకపోతిరి," అంది. దెప్పినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ ఇంటి తోటికోడలు నీళ్ల కుండతో వచ్చి, పుట్టింటి మనిషి ఏం చెబుతుందో విందామని అక్కడే నిలబడింది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో వదినెను ఏ మాటతో పొడిచేవాళ్లో నాకు తెలుసు. గుడ్డ ఊపిన దానివి అనేవాళ్లు. ఉప్పు ఎక్కువైనా అదే మాట, బర్రె పాలివ్వకపోయినా అదే మాట.

వదినె మెల్లగా అడిగింది. "మరి, లెక్క తేలిందా అన్నకు?"

"తేలింది," అన్నాను.

ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక ఇక ఆపలేదు. "పోయే ముందు నన్ను దగ్గర కూసోబెట్టుకుని చెప్పిండు. రైలు కన్న జోరుగ పోతయట చిలుకలు. మూడు నాలుగేండ్ల లెక్కల నీ చెయ్యి ఒక్కపారి గూడ తప్పలేదట. చెల్లె లేకుంటె ఈ లెక్క తేలకపోతుండె, పోయి చెప్పు అన్నడు." నా గొంతు తడబడలేదు. మా బావగారి జన్మలో ఆడని అబద్ధాలన్నీ నేను ఒక్క నిమిషంలో ఆడేశాను.

వదినె నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆ తరువాత లేచి నిలబడింది. పేడ మరకల చీర సర్దుకుని, కుండ పట్టుకుని నిలబడ్డ తోటికోడలి వైపు తిరిగింది.

"మా అన్న లెక్క తేలిందట అక్కా," అంది. "గుడ్డ ఊపింది నేనే."

తోటికోడలు నిజమేనా అన్నట్టు నా మొహం చూసింది. నిజమే అన్నాను.